నూట పదమూడో పేజీ

సోమవారం అంటే లోకంలో సగం మందికి నీరసం. పుస్తకాలక్కకి మాత్రం ఆ రోజు అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తుంది. ఆమె పనిచేసే కళ్ళద్దాల షాపుకి సరిగ్గా ఎదురుగా పుస్తకాల దుకాణం ఉంది. కొత్త పుస్తకాల పార్సిళ్ళు వచ్చేది సోమవారమే. పదిన్నరకి వ్యాను వచ్చి అవతల ఆగిందంటే, ఆ సమయానికి ఇవతల కుర్చీలో కూర్చుని చూపు పరీక్ష చేయించుకుంటున్నవాళ్ళ అదృష్టం బాగుండాలి. ఒకసారి ఇలాగే వీధివైపు చూస్తూ ఒక పెద్దాయనకి కుడి కంటి నంబరు ఎడమవైపూ, ఎడమ కంటిది కుడివైపూ రాసిచ్చింది. పాపం ఆయన రెండు రోజులు మెట్లు తడుముకుంటూ దిగి, మూడో రోజు వచ్చి షాపు పైకప్పు లేచిపోయేలా అరిచాడు.

ఆమెకి నలభై మూడేళ్ళు. వీధి మొత్తం, ఆమెకంటే పెద్దవాళ్ళతో సహా, పుస్తకాలక్క అనే పిలుస్తుంది. ఆమెకి ఒక పంతం ఉంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవకుండా ఏ పుస్తకం గురించీ నోరు విప్పదు. అట్ట చూసి, అట్ట వెనక రాసింది చూసి, సభలో అరగంట దంచేవాళ్ళంటే ఆమెకి ఒళ్ళు మంట. అలాంటివాళ్ళకి ఆ ఊళ్ళో కొదవేం లేదు. అందుకే ఆమె మాటకి విలువ. వారం వారం ఆమె 'ఈ వారం వచ్చినవి' అని ఒక కాగితం రాస్తుంది. దుకాణం ఆయన దాన్ని గాజు తలుపుకి అంటించి, ఫొటో తీసి, తెలిసిన ఫోన్లన్నిటికీ పంపిస్తాడు. ఆమె బాగుందంటే జనం చదువుతారు. ఆమె ఏమీ అనలేదంటే ఆ పుస్తకం అరలోనే ముసలిదైపోతుంది.

ఆ సోమవారం భోజనాల వేళకి ఆమె రోడ్డు దాటి దుకాణంలోకి వెళ్ళేసరికి, దుకాణం ఆయన కత్తెరతో తాళ్ళు కోస్తున్నాడు. తేనెటీగలు పెంచుకునే ఒకాయన స్వీయచరిత్ర వచ్చింది. రెండొందల పేజీల హత్యానవల వచ్చింది. చీమల మీద పిల్లల బొమ్మల పుస్తకం వచ్చింది. వీటన్నిటి పక్కన ఆయన సొంతంగా అచ్చువేసిన నవల కట్టలు కూడా ఉన్నాయి.

"ఇదిగో అక్కా, మన నర్సమ్మ నవల. మొదటి కట్ట అప్పుడే వారం క్రితం వచ్చింది. పోస్టులో పంపాల్సినవాళ్ళకి పంపేశాను. నీకోసం దాంట్లోంచే ఒకటి అట్టేపెట్టా," అని బల్ల సొరుగు లాగాడు. "ఆదివారం సభ. ముఖ్య వక్త ఎవరో తెలుసా?"

"ఎవరు?"

"నువ్వే."

ఇరవై ఏళ్ళుగా సభలన్నిట్లో మూడో వరసలో కూర్చున్న మనిషి ఆమె. వేదిక మీద కుర్చీ ఇస్తానంటే ఎలా ఉంటుంది! మొహమాటానికి రెండుసార్లు వద్దని, మూడోసారి ఎక్కడ అడగడం మానేస్తాడో అని గబుక్కున ఒప్పేసుకుంది.

నర్సమ్మ అంటే ముప్ఫై ఆరేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన నర్సు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఇది మొదటి నవల. కథలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క నర్సు. తల్లి అదే ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉంటుంది. ఒక సాయంత్రం చెల్లెలు పరుగెత్తుకుంటూ వస్తే, అక్క గేటు దగ్గర ఆపేసి, ఏడు దాటింది, రూలు ఒప్పుకోదు, రేపు రా అంటుంది. ఆ రేపటికి తల్లి ఉండదు. తర్వాత ఆ ఇద్దరూ ఒకరినొకరు కడిగేసుకునే అధ్యాయం ఒకటి ఉంది. మంగళవారం షాపులో ఎవరూ లేనప్పుడు పుస్తకాలక్క అది చదివి, ముక్కు తుడుచుకుని, పేజీ తిప్పింది. మళ్ళీ అదే గొడవ. అక్షరం పొల్లు పోకుండా అదే. పేజీ నంబర్లు కూడా వెనక్కి వెళ్ళి తొంభై ఏడు నుంచి మొదలయ్యాయి. అది మళ్ళీ నూట పన్నెండు దగ్గర అయ్యాక, ఒకేసారి నూట ఇరవై తొమ్మిది. అక్కడికి ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. అక్క ముసలిదై బస్టాపులో ఒంటరిగా కూర్చుని ఉంది.

ఇంకొకరైతే ఏం చేసేవారు? పుస్తకం పట్టుకుని రోడ్డు దాటి, "ఏమయ్యా, ఇదేం బైండింగు?" అని అడిగేవారు. పుస్తకాలక్క కూడా మూడు నెలల క్రితం అయితే అదే చేసేది. నిజానికి చేసింది కూడా. ఒక కవితల పుస్తకంలో మధ్యలో ఆరు పేజీలు తెల్లగా ఉంటే, అచ్చు పడలేదనుకుని తీసుకెళ్ళి మార్చమంది. అప్పుడే అక్కడున్న అధ్యక్షులవారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఈయన రిటైరైన ప్రిన్సిపాలు. ఊళ్ళో ఏ సభ జరిగినా అధ్యక్షుడి కుర్చీ ఆయనదే. "అమ్మా, అది కవిగారి మౌనం! మౌనాన్ని వాపసు ఇస్తావా?" అన్నారు. ఆ మాట ఊరంతా పాకింది. నెల రోజులు ఎవరు కనపడినా, "ఏం అక్కా, మౌనం మార్చి ఇచ్చారా?" అని అడిగేవాళ్ళే. తలకొట్టేసినట్టయి వారం పాటు ఆమె రోడ్డు దాటలేదు.

కాబట్టి ఈసారి జాగ్రత్త పడింది. కాసేపు ఆలోచించింది. మనుషులు గొడవల్ని మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకుంటారు. క్షమాపణలు మాత్రం గొంతు దాటవు. నర్సమ్మ దాన్నే పుస్తకంలో చేసి చూపించింది!

సాయంత్రం అన్నాలు తింటూ భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆయన చదివేది మాన్యువళ్ళే గానీ, ఇరవై ఏళ్ళుగా ఆమె చదివినవన్నీ విన్నాడు.

"అంటే ఏడో ఫారం రెండుసార్లు వచ్చి, ఎనిమిది లేకుండా తొమ్మిది వచ్చిందా?" అన్నాడు వేళ్ళు మడిచి. పదహారు పేజీల మడతని ఫారం అంటారని ఆమే ఎప్పుడో చెప్పింది.

"అలా చెప్తే అలాగే ఉంటుంది. అది ప్రయోగం అండీ."

"లిఫ్టు ఏడో అంతస్తుకి రెండుసార్లు వెళ్ళి, ఎనిమిదిలో ఆగకుండా తొమ్మిదికి పోతే మేం దాన్ని ప్రయోగం అనం. కంప్లయింట్ రాసుకుంటాం."

"మీకు సాహిత్యం ఎప్పటికి అర్థం అవుతుందో!" అని ఆమె ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె అన్నం పడేసింది.

బుధవారం సాయంత్రం లైబ్రరీ మేడ మీద కవిసమ్మేళనం. కవులు తొమ్మిది మంది, వినేవాళ్ళు ఐదుగురు. ఆ ఐదుగురిలో ఒకాయన వాన వెలిసేదాకా ఆగినవాడు. పుస్తకాలక్క అక్కడ ఒక మూల కూర్చుని, కవితల సందుల్లో తన కాగితం రాసేసింది. గురువారం పొద్దుటికి అది గాజు తలుపు మీద ఉంది. తేనెటీగలకి నాలుగు వాక్యాలు, హత్యానవలకి మూడు, చీమలకి రెండు. మిగతా కాగితమంతా నర్సమ్మే. "గొడవని అక్షరం మార్చకుండా రెండుసార్లు చెప్పడం, క్షమాపణని ఒక్కసారి కూడా చెప్పకపోవడం! మొదటి నవలకే ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని ముగించింది. మధ్యాహ్నానికి ఆమె ఫోను మోగుతూనే ఉంది. అధ్యక్షులవారు స్వయంగా ఫోను చేసి, "అమ్మా, ఎదిగావు," అన్నారు. ఆ మాటకి ఆమె రోజంతా నేల మీద నడవలేదు.

శుక్రవారం పన్నెండింటికి నర్సమ్మ కళ్ళద్దాల షాపుకి వచ్చింది. సన్నటి మనిషి. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

"మీరేదో నా గురించి రాశారటగా తల్లీ. ఇప్పుడే తలుపు దగ్గర నిలబడి చూశాను గానీ, పాత జోడు గీతలు పడిపోయి ఒక్క ముక్క కనపడలేదు. ఆదివారం స్టేజీ మీద తడుముకోకూడదు కదా, కొత్తది చేసిపెట్టండి."

"చేస్తాను నర్సమ్మా. రాసింది మాత్రం ఇప్పుడు అడక్కండి, ఆదివారం నా నోటితో వింటారు."

పరీక్ష చేస్తుంటే నర్సమ్మ తనంతట తనే చెప్పుకొచ్చింది. నవలలోని చెల్లెలు కల్పన కాదట. నిజంగానే ఉంది, పక్క ఊళ్ళో టైలరింగ్ షాపు నడుపుతుంది, బస్సులో నలభై నిమిషాలు. ఇద్దరి మధ్యా మాటల్లేక పంతొమ్మిదేళ్ళు.

"ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకే పుస్తకం రాశాను. మొదటి కట్ట రాగానే అక్కడికక్కడే ఒకటి చుట్టి దానికి పోస్టు చేయించాను. లోపల ఓ చీటీ పెట్టాను. చదివాక నీకు మనసొప్పితే ఆదివారం సభకి రా, ముందు వరసలో కుర్చీ ఉంచుతాను, రాకపోతే ఇంక నిన్ను ఎప్పుడూ విసిగించను అని రాశాను. వారం దాటింది. పుస్తకం దొరికితే ఒక్క రోజులో నమిలేసే రకం అది. ఒక్క ఫోను లేదు."

పుస్తకాలక్కకి మనసు కలుక్కుమంది. పరీక్ష ఫ్రేములో దగ్గరచూపు అద్దాలు బిగించింది. దగ్గరచూపుకి షాపులో అక్షరాల కార్డు ఒకటి ఉంది. చదివే అలవాటున్నవాళ్ళకి మాత్రం ఆమె ఆ కార్డు ఇవ్వదు, పుస్తకమే ఇస్తుంది.

"మీ పుస్తకమే ఉందా సంచీలో? తీయండి. ఎక్కడైనా నాలుగు లైన్లు చదవండి."

"ఇప్పుడే ఎదురుషాపులో ఒకటి తీసుకున్నా. ఇన్నాళ్ళూ నా దగ్గరే లేదు," అని నర్సమ్మ పుస్తకం తీసి, తెలిసిన చోటు వెతుక్కుంటున్నట్టు తిప్పి, ఒక దగ్గర ఆగింది. మెల్లగా చదివింది. "రూలు అని చెప్పాను. ఆ రోజు ఏ రూలూ లేదు. వార్డులో డ్యూటీలో ఉన్నది నేను. గేటు తాళం నా జేబులో ఉంది. చిన్నప్పటినుంచీ అమ్మ నిన్నే ముద్దు చేసింది. ఆఖరి మాటైనా నా ఒక్కదానికే దక్కాలనుకున్నాను. అందుకని నిన్ను పంపించేశాను."

నర్సమ్మ ఆగిపోయింది. "అద్దాలు బాగానే ఉన్నాయి తల్లీ. కళ్ళే ఆగట్లేదు," అని ఫ్రేము తీసి బల్ల మీద పెట్టింది.

పుస్తకాలక్క ఆ పేజీవైపు వంగి చూసింది. తను ఈ నవల రెండుసార్లు చదివింది. ఈ వాక్యాల్లో ఒక్కటీ తెలియదు. "ఎన్నో... ఎన్నో పేజీ అది?" అంది.

"నూట పదమూడు."

తన పుస్తకంలో నూట పదమూడు లేదు. మౌనం కాదు, ప్రయోగం కాదు, ధైర్యం అంతకన్నా కాదు. పుస్తకానికి ప్రాణంలాంటి పదహారు పేజీలు బైండరు బల్ల మీద ఎక్కడో ఉండిపోయాయి. ఆవిడ పంతొమ్మిదేళ్ళు మోసి రాసిన మాటని, అది లేకపోవడమే గొప్ప అని తను ఊరంతా చాటింపు వేసింది. అప్పుడే, ఆ క్షణమే చెప్పేసి ఉంటే సరిపోయేది. పుస్తకాలక్క చెప్పలేదు. నర్సమ్మ వెళ్ళేదాకా ఫ్రేముల పెట్టె సర్దినదే సర్దుతూ కూర్చుంది. తర్వాత పరుగున వెళ్ళి గాజు తలుపు మీది కాగితం పీకేసింది. పీకితే ఏం లాభం? ఫోన్లలో పాకింది పాకనే పాకింది.

శనివారం పొద్దున్నే తన కాపీనీ, అరలోంచి తీసిన కొత్తదాన్నీ పక్కపక్కన తెరిచి దుకాణం ఆయన ముందు పెట్టింది. ఆయన రెండిట్లోనూ పేజీ నంబర్లు తిప్పి చూశాడు. బైండరుకి ఫోను చేశాడు, కేకలేశాడు, ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు.

"మొదటి కట్ట ఒక్కటేనట అక్కా. ముప్ఫై కాపీలు. మొదటి రోజు మడతలు పేర్చేటప్పుడు తప్పు జరిగిందట. సోమవారం వచ్చినవి అన్నీ బాగున్నాయి."

"అంటే ఆవిడ చెల్లెలికి వెళ్ళింది?"

ఆయన కాస్త లెక్క చూసుకుని, "అదీ ఆ కట్టలోదే," అన్నాడు మెల్లగా. "సోమవారం ఇంకోటి పోస్టు చేసేస్తాలే."

"సోమవారం పంపి ఏం చేస్తావయ్యా? రేపు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే ఆవిడ ఇంక జన్మలో చెల్లెలి ఊసెత్తదు. ఆ మాట చీటీలో రాసి మరీ పంపింది."

"అది నాకూ బాధే అక్కా. కానీ రేపు నువ్వు స్టేజీ ఎక్కి, నేను చదివింది సగం పుస్తకం అంటే, ఇంక నీ కాగితం ఎవడు చదువుతాడు? మౌనం సంగతే ఇంకా మర్చిపోలేదు జనం. ఈసారి నిన్ను బతకనిస్తారా? సభ గడవనీ. తర్వాత మెల్లగా సర్దుకుందాం."

ఆయన చెప్పింది తన మంచికే అన్నట్టు తోచింది. పిరికితనం అంతే, తెలివి వేషం వేసుకునే వస్తుంది. అయినా మనసు ఊరుకోక మధ్యాహ్నం ధైర్యం చేసి నర్సమ్మకి ఫోను కలిపింది. అవతలినుంచి "చెప్పండి తల్లీ" అని వినపడగానే, "మీ అద్దాలు తయారయ్యాయి, రేపు హాలుకి తెస్తాను," అని పెట్టేసింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇంట్లో భర్తకి చెప్పుకుని ఏడ్చింది. ఆయన "నేను ముందే చెప్పాను" అనలేదు. అనుంటే ఆమెకి కాస్త తేలికయ్యేది, పోట్లాడుకునేది. ఆయన టీ పెట్టి ఇచ్చి, "లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే, తప్పెవరిదని మేం తర్వాత చూస్తాం. ముందు తలుపు తీస్తాం," అన్నాడు.

ఆదివారం సాయంత్రం ఐదింటికి లైబ్రరీ హాలు నిండిపోయింది. ముందు వరసలో ఒక్క కుర్చీ మాత్రం ఖాళీ. దాని మీద నర్సమ్మ తన చేతిసంచీ పెట్టింది. ఎవరైనా కూర్చోబోతే, "ఒకరు రావాలండీ," అని మొహమాటంగా నవ్వింది. కొత్త కళ్ళజోడు పెట్టుకుని, వేదిక మీదినుంచి గుమ్మంవైపు చూస్తూ కూర్చుంది. గుమ్మంలో ఎవరు కదిలినా ఆవిడ మెడ సాగేది. ఐదున్నరకి కూడా ఎవరూ రాలేదు.

అధ్యక్షులవారు లేచారు. ఆయన చేతిలోని పుస్తకానికి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయనేలేదు. "ఈ నవల చదువుతుంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు," అని మొదలుపెట్టారు. "ఆ గొడవ! ఒకసారి కాదు, రెండుసార్లు! క్షమాపణ అసలు లేకపోవడం! నా నలభై ఏళ్ళ పఠనంలో ఇలాంటి ధైర్యం చూడలేదు." పుస్తకాలక్క కాగితాన్నే ఇరవై నిమిషాలు సాగదీశారు. నర్సమ్మ మొదట తల ఊపింది, తర్వాత ఊపడం ఆపింది. పక్కనున్న పుస్తకాలక్కవైపు వంగి, "నేను రెండుసార్లు రాశానా తల్లీ? క్షమాపణ లేదంటారేమిటి?" అని గుసగుసగా అడిగింది. పెద్దవాళ్ళ మాట తనకే అర్థం కావట్లేదేమో అన్నంత అమాయకంగా అడిగింది.

పుస్తకాలక్కని పిలిచారు. మైకు ముందు నిలబడింది. తప్పు బయటపడకుండా గడుసుగా రాసుకొచ్చిన నాలుగు పేజీల ఉపన్యాసం చేతిలో ఉంది. కింద ఖాళీ కుర్చీ, దాని మీద సంచీ. ఆమె ఆ నాలుగు పేజీలూ మడిచి పక్కన పెట్టేసింది.

"నేను ఈ పుస్తకం చదవలేదు," అంది.

జనం అధ్యక్షులవారివైపు చూశారు.

"చదివాననుకున్నాను. నా కాపీలో ఒక ఫారం రెండుసార్లు కుట్టారు, ఇంకో ఫారం కుట్టలేదు. బైండరు చేసిన పొరపాటుని నేను ప్రయోగం అనుకున్నాను. పోయినసారి మీరంతా నవ్వారని, ఈసారి అడగడానికి సిగ్గుపడ్డాను. శుక్రవారమే నిజం తెలిసింది. అయినా రెండు రోజులు నోరు మూసుకు కూర్చున్నాను. క్షమాపణ లేకపోవడమే గొప్ప అని రాశాను. ఉంది. నూట పదమూడో పేజీ నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా అదే ఉంది. నిన్న కూర్చుని చదివాను. ఈ పుస్తకంలో అంతకంటే గొప్ప పేజీలు లేవు. నర్సమ్మా, నన్ను క్షమించండి."

ముందు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పకపకలాడింది. ఎవరి పుస్తకంలో వాళ్ళు గబగబా పేజీలు తిప్పి చూసుకున్నారు. "నా దాంట్లో ఉంది", "నాదీ బాగానే ఉంది" అని కేకలు. ఎవరో, "అధ్యక్షులవారూ, మరి మీ దాంట్లో?" అని అరిచారు. ఆయన ప్లాస్టిక్ కవరు చింపబోయి, అది గోటికి చిక్కక, మంచినీళ్ళ గ్లాసు అందుకున్నారు. పుస్తకాలక్క చెవులు కాలిపోతున్నాయి. అయినా శుక్రవారం నుంచి సరిగ్గా అందని ఊపిరి ఇప్పుడు అందింది.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. లేచి నిలబడి, దుకాణం ఆయనవైపు చూసింది. "మా చెల్లికి పంపింది ఏ కట్టలోది?"

ఆయన లేచి నిలబడ్డాడు. "మొదటి కట్టలోదేనమ్మా."

నర్సమ్మ వేదిక దిగి, కుర్చీ మీది సంచీ తీసుకుని, వెనక గదిలోకి నడిచింది. పుస్తకాలక్క వెంటే వెళ్ళింది. గదిలో విరిగిన కుర్చీలూ, టీ ఫ్లాస్కూ ఉన్నాయి. నర్సమ్మ ఫోనులో చెల్లెలి నంబరు తీసింది గానీ తడిసిన కళ్ళకి ఏ మీట నొక్కాలో కనపడలేదు. "నొక్కండి తల్లీ," అని అందించింది. పుస్తకాలక్క నంబరు కలిపి, స్పీకరు నొక్కి, ఫోను బల్ల మీద పెట్టింది.

"చెల్లీ, నేనే."

అవతల కాసేపు కుట్టుమిషను చప్పుడు వినపడింది. తర్వాత అది ఆగింది.

"ఇప్పుడు ఫోనెందుకు? అంతా పుస్తకంలో రాసేశావుగా. గేటు దగ్గర గెంటేసి, మర్నాడు నన్ను నానా మాటలూ అని, అదంతా రాశావు. ఒకసారి రాస్తే చాలదా అక్కా? మళ్ళీ అదే రెండోసారి కూడా చదివించావు."

"అది కాదే, నేను..."

"తర్వాత పదహారు పేజీలు లేవు. నూట పన్నెండు అయ్యాక నూట ఇరవై తొమ్మిది. నాకు కనపడదనుకున్నావా? ఏదో రాసే ఉంటావు. పంపే ముందు మనసు మారి లాగేశావు. నాకు నువ్వు తెలీదూ?"

ఏ సభకీ రాని, ఏ కాగితమూ రాయని టైలరు ఆవిడ. ఆవిడకి కనపడిన లోటు తనకి గొప్పగా కనపడిందని పుస్తకాలక్కకి సిగ్గేసింది. నర్సమ్మ సాయం చేయమన్నట్టు ఆమెవైపు చూసింది.

"అమ్మా, నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను," అంది పుస్తకాలక్క ఫోను దగ్గరికి వంగి. "మీ అక్క ఏమీ లాగెయ్యలేదు. ఆ పేజీలు బైండరు దగ్గర పోయాయి. మీ పుస్తకంలోనే కాదు, నా పుస్తకంలోనూ లేవు. అలా లేకపోవడం బ్రహ్మాండం అని ఊరంతా చెప్పిన తెలివితక్కువదాన్ని నేనే. మీ అక్కకి ఈ సంగతి పది నిమిషాల క్రితం దాకా తెలియదు."

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడు వినపడింది. తర్వాత గొంతు తగ్గించి, "అయితే ఆ పేజీల్లో ఏముంది?" అని అడిగింది చెల్లెలు.

పుస్తకాలక్క పుస్తకం తెరవబోయింది. నర్సమ్మ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది. "ఇది నేనే చదవాలి," అంది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివింది. తాళం నా జేబులో ఉందన్న చోట ఆగి, ఆ వాక్యం మళ్ళీ మొదటినుంచి చదివింది. హాల్లో ఎవరో తర్వాతి వక్తని పిలుస్తున్నారు. ఆవిడకి అవేం వినపడలేదు. ఆ పేజీ అయింది, తిప్పింది, ఇంకో పేజీ చదివింది. ఫోను తెగిపోయిందేమోనని చూసింది.

"అక్కా," అంది చెల్లెలు.

"ఊఁ."

"ఇప్పుడు బస్సెక్కినా అక్కడికి చేరేసరికి ఏడు దాటుతుంది. లోపలికి రానిస్తావా?"

నర్సమ్మ గబగబా తల ఊపింది. ఊపుతూనే ఉంది.

"తల ఊపితే ఆవిడకి కనపడదు నర్సమ్మా. నోటితో చెప్పండి," అంది పుస్తకాలక్క కళ్ళు తుడుచుకుంటూ.

"రావే," అంది నర్సమ్మ. "రా."

ఆరున్నరకి హాలు తాళం వేయాలి. పుస్తకాలక్క వెళ్ళి లైబ్రరీ ఆవిడని బతిమాలి ఎనిమిది దాకా తెరిపించింది. సంగతి విని జనం ఒక్కరూ కదల్లేదు. అధ్యక్షులవారు ప్లాస్టిక్ కవరు ఎలాగో చింపి, ఒక మూల కూర్చుని, బుద్ధిగా మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. నర్సమ్మ బయటికి వెళ్ళి, లైబ్రరీ గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, పక్కనే నిలబడింది. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ కూర్చోలేదు.